పాత లెక్కన మూడు చుక్కలు

1వ రోజు, మొదటి షిఫ్టు

దీని పేరు తెర పరీక్ష పుస్తకం. మా నాలుగో మట్టం పెద్ద, సర్దారు జాడి మొగిలి ఈ పొద్దున తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్లకోసారి పైనుంచి మాకు కంప్యూటర్ తెరలు దిగుతాయి. ఈసారి మూడు రకాల మచ్చులు వచ్చాయి. ఒక్కోటి ఒక వారం మా ఇంట్లో వాడి చూసి, ఇరవై ఒకటో రోజున ఏది కావాలో నేను రాయాలి. నేను ఏది రాస్తే మట్టంలోని రెండు వందల పన్నెండు ఇళ్లకూ అదే దిగుతుంది. పొరపాటు రాస్తే ఇంకో ముప్పై ఏళ్లు అందరి తిట్లూ నాకే.

మా ఇల్లే ఎందుకని అడిగాను.

"పని, ఆట రెండూ ఒకే తెర మీద గట్టిగ నడిచే ఇల్లు మీదే గదా" అన్నాడు. "రోజూ తెర సంగతి రాయి చెల్లె. మిగిలిన పురాణం రాయకు."

పని నాది. నా పేరు కనకలక్ష్మి. నేను కప్పు చదివేదాన్ని. మా తాతల కాలంలో ఎండ భరించలేక జనం ఈ పాత బొగ్గుబాయిలోకి దిగి, ఒకదాని కింద ఒకటిగా ఉన్న మట్టాల్లో సంసారాలు పెట్టుకున్నారు. అప్పటినుంచి మా నెత్తిమీద ఉన్నది ఆకాశం కాదు, రాతి కప్పు. తీగ మీద కెమెరా బండి కప్పు పొడుగునా ఒకే ఎత్తులో నడుస్తుంటే, ఆ బొమ్మలు నా బల్ల మీది తెరకు వస్తాయి. పగులు ఎక్కడుందో వెతికి, అది ఎన్ని చుక్కల వెడల్పు ఉందో లెక్కపెట్టి రాయడం నా ఉద్యోగం. చుక్కంటే తెరలోని అతి చిన్న గడి. ఇక్కడ మాటలు వచ్చిన ప్రతి పిల్లకూ ఈ పాఠం వచ్చు: ఒకటికి రాత, రెండుకు కావలి, మూడుకు మూట. మూడు చుక్కలైతే మూటముల్లె సర్దుకుని లేవాలన్నమాట.

ఆట మా అత్తది. ఓదెమ్మ, మా మట్టం బండ్లాటలో ఇరవై ఆరేళ్లుగా మొదటి డ్రైవరు. ఆటలో పైలోకపు రోడ్లుంటాయి, దుమ్ముంటుంది, సూర్యుడుంటాడు. ఏడు చుట్లు బండి నడపాలి. ఇంకో నెలలో ఆమెకు డెబ్బై నిండుతాయి, డెబ్బై నిండినవాళ్లను ఆటలోకి రానివ్వరు. పందొమ్మిదో రోజున రెండో మట్టంతో ఫైనల్. అదే ఆమెకు ఆఖరి ఆట.

నా మటుకు నాకు ఆట కోసం తెర ఎంచడమేమిటో అర్థం కాదు. కప్పు కూలితే ఆడేదెవరు? ఈ మాట అత్తతో అంటే నా పళ్లెంలో అన్నం తగ్గుతుంది కాబట్టి పుస్తకంలో రాసుకుంటున్నాను.

పాత తెరను గోడలోంచి పీకారు. పాతవన్నీ బొగ్గు గోడలో సిమెంటు పెట్టి పాతినవి. పీకేసరికి నాది నిలువునా పగిలింది. పోతే పోయింది, దానికి ముప్పై ఏళ్లు.

2వ రోజు

మొదటి మచ్చు బిగించారు. పైనుంచి కిందికి వెయ్యి ఎనభై చుక్కలు. దీన్ని పది ఎనభై అంటారు. పాతదీ పది ఎనభయ్యే, అయితే ఇది వెలుగు ఎక్కువ, సైజు కాస్త పెద్దది. సైజు పెరిగి చుక్కల సంఖ్య అలాగే ఉంటే ఏమవుతుంది? చుక్కలు లావవుతాయి. అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి.

పనికి: పాతదానిలాగే ఉంది. కప్పును మోసే బొగ్గు దిమ్మెల్లో పదిహేడోదాని పక్కన కప్పులో ఆరునెలలుగా ఒక పగులు ఉంది. నిన్నటిదాకా రెండు చుక్కలు, ఈరోజూ రెండు చుక్కలే. దాని కింద నలభై ఇళ్లున్నాయి.

ఆటకు: ఫ్రేములంటే తెర మీద సెకనుకు మారే బొమ్మలు, ఎన్ని ఎక్కువైతే బండి అంత నున్నగా కదులుతుంది. అత్త మాట యథాతథంగా రాస్తున్నాను. "నూటా నలభై ఫ్రేములు వస్తున్నయి. వెన్న లెక్క పోతున్నది బండి. ఇదే రాసెయ్యి, మిగిలిన రెండు వారాలు నా పానం తియ్యకు."

6వ రోజు

సూర్యుడికి బదులు పెట్టిన దీపపు ఎండలో కూర్చోవడానికి ఈరోజు మా వంతు అరగంట. అత్త రాలేదు, ఆడుతోంది. ఎముకలు గుల్లబారతాయని డాక్టరమ్మ చెప్పినా వినదు. నేను ఒక్కదాన్నే వెళ్లి కూర్చుని, తిరిగొస్తూ రెండు బిందెల నీళ్లు తెచ్చాను.

ఈ తెరతో నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. రెండు చుక్కల పగులు పెరగడం మొదలైతే తర్వాత కనిపించేది మూడే. మధ్యలో ఏమీ కనిపించదు. అంటే లేచిపోవాల్సిన రోజు వచ్చేదాకా పగులు కదిలిందని కూడా నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఇలాగే చదువుతున్నాం, ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ ఈరోజే తట్టింది.

8వ రోజు

రెండో మచ్చు వచ్చింది. పైనుంచి కిందికి పద్నాలుగు వందల నలభై చుక్కలు. మొదటి మచ్చును ట్రాలీలో తీసుకుపోయారు. ఒకటి ఇస్తేగాని ఇంకోటి ఇవ్వరు.

అక్షరాలు చక్కగా ఉన్నాయి. రెండు కాగితాలు పక్కపక్కన తెరిచినా ఇరుకనిపించదు. పనికి ఇదే నయమనిపిస్తోంది.

ఆటకు మాత్రం అత్త మొహం మాడింది. మా గ్రాఫిక్స్ పెట్టె పాతది, దాన్ని మార్చరు. గీయాల్సిన చుక్కలు దాదాపు రెట్టింపయ్యేసరికి ఫ్రేములు ఎనభైకి పడిపోయాయి. మూడుసార్లు బండి గుంతలో పడింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట" అన్నాను.

"నీ నోట్ల మన్నుపడ. మద్దెల ఓడే ఇది" అంది.

9వ రోజు

పదిహేడో దిమ్మె పగులు మూడు చుక్కలు.

మళ్లీ లెక్కపెట్టాను. మూడు. కెమెరా బండిని వెనక్కి తెప్పించి ఇంకోసారి చూశాను. మూడే. మొగిలి అన్నకు ఫోన్ చేశాను. అతను వచ్చి, తెర మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. వెంటనే ఇళ్లు ఖాళీ చేయమని గంట కొట్టించాడు.

మధ్యాహ్నానికి నలభై ఇళ్లూ ఖాళీ. అందరినీ పంపుల మట్టంలోకి దింపారు. అక్కడ గోడలు ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి. ఈర్ల స్వరూప నాలుగు నెలల పిల్లను చీరలో చుట్టుకుని నా ముందునుంచే వెళ్లింది. "సల్లగుండు కనకక్కా, టైముకు చూసినవ్" అంది. గర్వపడ్డానని ఒప్పుకుంటాను.

12వ రోజు

ఇది రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

ఈరోజు అత్త ఫ్రేములు పెంచుకుందామని తెరను పది ఎనభై సెట్టింగులో పెట్టి ఆడింది. బొమ్మంతా మసక. కళ్లజోడు తుడుచుకుంది, తెర తుడిచింది, నన్ను తిట్టింది.

"సెట్టింగు సరిగ్గానే ఉంది కదా అత్తా, ఎందుకు మసకవుతుంది?" అని అడిగాను.

"ఎందుకేంది? ఒక పాత చుక్క ఈడ ఒకటీ మూడోవంతు చుక్క జాగల కూసోవాలె. చుక్కను మూడు ముక్కలు కోస్తవా నువ్వు? పక్కదాని మీద పడి అలుక్కపోతది. ఆటగాళ్లకు అందరికీ ఎర్కే గీ ముచ్చట. ఈ తెర చుక్కలు చిన్నయి, ఆ తెర చుక్కలు పెద్దయి."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చిన్న చుక్కలు. పాత తెరలో రెండు చుక్కల వెడల్పు ఉన్న పగులు, ఏమాత్రం పెరగకపోయినా, ఈ తెరలో రెండున్నర దాటుతుంది. సగం చుక్క ఉండదు కాబట్టి మూడని కనిపిస్తుంది. పగులు పెరగలేదు. నేను కొలిచే కర్ర చిన్నదైంది, అంతే. ముప్పై ఏళ్లుగా ఒకే రకం తెర వాడి వాడి, చుక్కంటే రాయిలాగా ఎప్పుడూ ఒకటే కొలత అనుకున్నాను. మొగిలి అన్న అనుకున్నాడు. బడిలో పాఠం చెప్పే పంతులమ్మ కూడా అనుకుంది. ఆటగాళ్లకు మాత్రం తెలుసు, వాళ్లను అడిగినవాళ్లు లేరు.

పొయ్యి ఆర్పి నేరుగా మొగిలి అన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. అతను ఇంటికొచ్చి చూశాడు. పది ఎనభై సెట్టింగులో పెట్టి చూపించబోతే పగులు అంచులు అలుక్కుపోయి రెండో మూడో తేలలేదు.

"సెట్టింగులు మారిస్తే ఏదన్న కనబడతది చెల్లె" అన్నాడు నీరసంగా.

చివరికి పాత బొమ్మలు, కొత్త బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పగులు వెంట్రుకంత కూడా కదల్లేదని ఒప్పించాను. నా తప్పును నేనే రుజువు చేసుకోవడానికి రెండు గంటలు పట్టింది.

13వ రోజు

నలభై ఇళ్లవాళ్లు తిరిగి వచ్చారు. నాలుగు రోజులు తడిలో ఉన్నారు. స్వరూప పిల్లకు ఛాతీ పట్టేసి ఆసుపత్రి గదిలో ఉంది. చూడటానికి వెళ్తే స్వరూప తలుపు దగ్గరే ఆపింది.

"నువ్వు కావాలని చెయ్యలేదు, నాకెర్కే. కానీ ఇప్పుడు లోపలికి రాకక్కా" అంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. అత్త ఆట ఆపేసి అన్నం కలిపి పెట్టింది.

15వ రోజు

మూడో మచ్చు. నాలుగు కె. పైనుంచి కిందికి రెండు వేల నూట అరవై చుక్కలు. చూడటానికి పది ఇళ్ల జనం వచ్చారు. పేరు గొప్పది కదా. మొన్న నాతో మాట్లాడనివాళ్లు కూడా తెరను తాకి చూసి వెళ్లారు.

ఈసారి నేను ముందే లెక్క వేసుకున్నాను. పది ఎనభైకి ఇది సరిగ్గా రెట్టింపు. అంటే ఇక్కడ రెండు చుక్కలు పాత లెక్కన ఒకటి. పగులు కదలకపోతే ఇక్కడ నాలుగు కనిపించాలి. నాలుగే కనిపించాయి. అరగంట తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

అక్షరాలు మాత్రం చీమల బారులాగా ఉన్నాయి. అత్త ముక్కు తెరకు ఆనించింది. అక్షరాల సైజు ఒకటిన్నర రెట్లు పెంచితే ఆమెకూ ఆనింది. అంచులు అచ్చు పుస్తకంలో ఉన్నట్టున్నాయి.

16వ రోజు

ఆటకు: పూర్తి నాలుగు కెలో ముప్పై ఎనిమిది ఫ్రేములు. చుక్కలు నాలుగింతలు, పెట్టె మాత్రం అదే ముసలిది. "బండి కాదు, శవయాత్ర" అంది అత్త. పేరుకు నాలుగు కె, లోపల కదలిక లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

అయితే పది ఎనభై సెట్టింగులో పెట్టేసరికి అత్త కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది. మసక లేదు. రెట్టింపు కదా, ఒక పాత చుక్క జాగాలో ఇక్కడివి నాలుగు చుక్కలు, నిలువుకు రెండు, అడ్డానికి రెండు, సరిగ్గా ఇమిడిపోయాయి. దేన్నీ కొయ్యనక్కర్లేదు. ఫ్రేములు నూటా నలభై.

"గిది రాసుకో" అంది. "పనికి సన్న చుక్కలు, ఆటకు నాలుగు కలిపి ఒకటి. నీకూ నాకూ లొల్లి లేదు."

పెళ్లయిన పదిహేనేళ్లలో మేమిద్దరం ఒక మాట మీదకు రావడం ఇదే మొదలు.

17వ రోజు

పగులు ఐదు చుక్కలు.

పొద్దున ఒకసారి, బండి తిరిగి వచ్చినప్పుడు ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి చూశాను. ఐదు. తెర మారలేదు, సెట్టింగు మారలేదు, కెమెరా ఎత్తు మారలేదు. నిన్న నాలుగు. పాత లెక్కన రెండున్నర. పాత తెరలో అయితే ఈ అర చుక్క నాకు కనిపించేదే కాదు.

ఈసారి నిజంగా కదులుతోంది.

18వ రోజు

పొద్దున ఆరు. పాత లెక్కన సరిగ్గా మూడు. మూడుకు మూట.

మొగిలి అన్న వచ్చి చూశాడు. సెట్టింగు మార్చి మూడు చుక్కలు చూపించాను, అంచులు స్పష్టంగా ఉన్నాయి.

"నేను నమ్ముతున్న చెల్లె. కానీ నేను గంట కొడితే ఎవరు లేస్తరు? మొన్నటి తడి ఇంకా ఆరలే వాళ్ల బట్టలకు. ఇగ మన మాట మీద లేవరు. వాళ్ల తెర మీద వాళ్లే లెక్కపెట్టుకుంటే లేస్తరు."

"అయితే వాళ్ల తెరలకు బొమ్మ పంపించు అన్నా."

"కప్పు తీగ నీ బల్లకు తప్ప ఎటూ పోదు. కొత్తగ గుంజాలంటే మూడు రోజులు. నీ పాత తెర తెచ్చి పెడదామంటే పగిలిపాయె. ఇంకొకల్ల గోడలకెంచి పీకినా పగుల్తది."

అతను గంట కొట్టించాడు. ఎవరూ కదల్లేదు. ఇంటింటికీ నేనే వెళ్లాను. నాకు మొండిదానినని పేరుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఎంత బలవంతుడైనా మూసిన తలుపుకు చెప్పేదేముంటుంది? నలభై తలుపులు తట్టాను. ఆరు ఇళ్లవాళ్లు లేచారు. పదకొండు ఇళ్లవాళ్లు నవ్వారు. "ఏం కనకలక్ష్మీ, ఈ తెరల ఎన్ని చుక్కలు పుట్టినయి?" అన్నాడు ఒకాయన. మిగిలినవాళ్లు తలుపు తీయలేదు.

స్వరూప తీసింది. పిల్లను నిన్ననే ఇంటికి తెచ్చుకుంది.

"మళ్లా ఆ తడిలకు తీస్కపోతే నా పిల్ల బతకదక్కా. ఇక్కడుంటే కప్పు పడుతదో పడదో. ఆడికి పోతే మాత్రం ఖాయం. నేనేం చెయ్యాలె?"

తిరిగొచ్చాను. ఆమె లెక్కలో తప్పు లేదు. నా లెక్క మీద ఆమెకు నమ్మకం లేదు, అంతే. ఆ నమ్మకాన్ని పోగొట్టింది నేనే.

దారిలో మొగిలి అన్నను పట్టుకుని, పిల్లలున్న ఇళ్లకు పంపుల మట్టం వద్దు, బడి గదులు ఇవ్వమన్నాను. బడి మూసెయ్యాలి కదా అని గొణిగాడు. మూసెయ్యమన్నాను. ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి కూర్చున్నాక తట్టింది. మా ఇంటినుంచి అన్ని ఇళ్లకూ పోయే తీగ ఒకటుంది. రేపు ఫైనల్. అత్త తెర మీద ఏముంటే అది రెండు వందల పన్నెండు తెరల మీదా కనబడుతుంది. ఆట మొదలైనప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది, అయిపోయిన పది సెకన్లకు మూసుకుంటుంది. అందరి తెరలూ పాత పది ఎనభైలే కాబట్టి బొమ్మ పాత చుక్కల్లోనే వెళ్తుంది. ఎవరి చుక్కలు వాళ్లే లెక్కపెట్టుకోవచ్చు.

ఆట మధ్యలో తెర మార్చినవాళ్లు ఓడినట్టే లెక్క. అది ఆమెకు ఆఖరి ఆట.

అడగకుండా ఉండటానికి ఒక గంట ప్రయత్నించాను. తర్వాత అడిగాను. గీత దాటిన తర్వాత పది సెకన్లు దారి తెరిచే ఉంటుంది కదా, అప్పుడు చూపిద్దాం, నీ ఆట నువ్వు గెలిచాకే అన్నాను.

అత్త చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. తలెత్తలేదు.

"ఏ మీట నొక్కాలె?" అని మాత్రం అడిగింది. చూపించాను.

19వ రోజు

పొద్దున పగులు ఆరు. భోజనాల వేళకు ఏడు. లేచిన ఆరు ఇళ్లు తప్ప మిగిలిన ముప్పై నాలుగింట్లో జనం ఉన్నారు. ఫైనల్ కదా, చుట్టాలు కూడా వచ్చి కూర్చున్నారు.

రెండో షిఫ్టు మొదలవగానే ఆట మొదలైంది. అత్త చీర కొంగు నడుముకు దోపుకుని, మెత్త దిండు వెనక్కి తోసి కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. బండ్లాటను ఆసాంతం చూడటం నాకు ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆ వేళకు గిన్నెలు తోముతూ ఉంటాను.

మొదటి చుట్టులో ఆమె వెనకబడింది. రెండో చుట్టులో దుమ్ములో దూరంగా ఒక ఎర్రచుక్క, రెండో మట్టం డ్రైవరు బండి దీపం. ఒకే ఒక్క చుక్క. అది ఎటు తిరిగితే రోడ్డు అటు తిరుగుతుందని ఆమెకు తెలుసు. ఆ చుక్కనే పట్టుకుని వెళ్లింది. మూడో చుట్టులో దాన్ని దాటేసింది. గోడల అవతలినుంచి మట్టం మొత్తం అరిచిన అరుపు నాకు వినబడింది. ఆమె ముందు ఖాళీ రోడ్డు, మీద సూర్యుడు. ఆమె మొహంలోకి చూశాను. డెబ్బై ఏళ్ల మనిషిలా లేదు.

అప్పుడు ఎడమచేత్తో మీట నొక్కింది.

రోడ్డు పోయింది. తెర నిండా పదిహేడో దిమ్మె కప్పు, దాని మధ్య నల్లటి పగులు.

"అత్తా, ఇంకా నాలుగు చుట్లున్నాయి కదా" అన్నాను.

"గెలిచినంక తెర దిక్కు ఎవడు చూస్తడే? అందరు ఎగురుతరు. ఇప్పుడైతే రెప్ప గొట్టకుంట చూస్తున్నరు" అంది. తర్వాత మైకు దగ్గరికి వంగింది. "నేను ఓదెమ్మను. ఇది మీ నెత్తిమీది కప్పు. మీ తెర మీద మీ వేలు పెట్టి లెక్కపెట్టుకోండ్రి. నా కోడలు మాట నమ్మకుర్రి, మీ కండ్లు నమ్ముర్రి."

అరుపులు ఆగిపోయాయి. రెండు వందల ఇళ్లలో రెండు వందల వేళ్లు తెర మీద కదులుతున్నాయని నాకు తెలుసు. ఒకటి. రెండు. మూడు.

మొదట తలుపు తీసిన చప్పుడు స్వరూప ఇంటిది. పిల్లను ఎత్తుకుని, బిందె ఒకటి పట్టుకుని బయటికొచ్చింది. బడి గదులకు పొమ్మని మొగిలి అన్న గొంతు చించుకుంటున్నాడు. ఆ వెనక అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. పద్దెనిమిది నిమిషాల్లో పదిహేడో దిమ్మె కింద ఎవరూ లేరు. మొగిలి అన్న మూడుసార్లు పేర్లు పిలిపించి సరిచూశాడు.

ఆటలో ఆమె బండి మూడో చుట్టు మలుపు దగ్గర ఆగి ఉంది. ఆమె పేరు పక్కన "తప్పుకుంది" అని పడింది.

20వ రోజు

ఈరోజు భోజనాల వేళ కప్పు పడింది. తొమ్మిది ఇళ్లు రాళ్ల కింద ఉన్నాయి. అందులో స్వరూపది ఒకటి. దుమ్ము మా ఇంటిదాకా వచ్చి బిందెలో నీళ్ల మీద తేలింది. ఎవరికీ గీత కూడా పడలేదు.

స్వరూప వచ్చింది. పిల్లను తెచ్చి నా ఒళ్లో వేసి, గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పిల్లకు జ్వరం లేదు. నా వేలు పట్టుకుని వదల్లేదు. నేనూ ఏడ్చాను, ఈసారి సంతోషంతోనే.

21వ రోజు

సర్దారు అడిగిన నివేదిక.

పనికి: నాలుగు కె. దూరం నుంచి చూస్తే పద్నాలుగు నలభైకీ దీనికీ తేడా లేదనిపిస్తుంది. నిజమే, బియ్యం చీటీ చదవడానికి అదే చాలు. కానీ పగులు రెండు నుంచి మూడుకు వెళ్లే దారిలో ఒక మెట్టు ఎక్కువ కావాలి. ఆ మెట్టు ఇందులో ఉంది.

ఆటకు: నాలుగు కె తెర, పది ఎనభై సెట్టింగు. సరిగ్గా రెట్టింపు కాబట్టి మసక రాదు. పద్నాలుగు నలభై తెరలో వస్తుంది. అక్షరాల సైజు పెద్దవాళ్లున్న ఇళ్లలో ఒకటిన్నర రెట్లు పెట్టాలి.

ఎంచినది: నాలుగు కె, రెండు వందల పన్నెండు.

ఇంకో మాట, ఎవరూ అడగకపోయినా: ఇకమీద కప్పు పుస్తకంలో చుక్కలు రాయకూడదు. మిల్లీమీటర్లు రాయాలి. బడిలో పాఠం కూడా మార్చాలి. ఇది నేను చేసిన తప్పు, నా పేరుతోనే రాయండి. కొత్తగా కప్పు చదివేవాళ్లను ఒక నెల ఆటగాళ్ల దగ్గర కూర్చోబెట్టాలి.

బండ్లాట పుస్తకంలో రాత మార్చమని మొగిలి అన్నను అడిగాను. రూల్సు ఒప్పుకోవన్నాడు. తప్పుకుంది అంటే తప్పుకుందే. అత్తకు చెప్పాను. "రాసుకోనీ. నేను ముందుంటినా లేదా అందరు చూసిండ్రు" అంది, కానీ అన్నం సగమే తిన్నది.

మధ్యాహ్నం రెండో మట్టం డ్రైవరు దగ్గరినుంచి కబురు వచ్చింది. ఆటలో ఓదెమ్మ బండిని తీసెయ్యకుండా మూడో చుట్టు మలుపు దగ్గరే ఉంచాడట, తనదీ అక్కడే ఆపుకున్నాడట. పుస్తకంతో పని లేదు, బహుమతి ఇచ్చేదీ లేదు, మిగిలిన నాలుగు చుట్లు ఎల్లుండి రెండో షిఫ్టులో నడుపుదామా అని అడిగాడు. అత్త ఆ కబురు నాతో రెండుసార్లు చదివించుకుని, కళ్లజోడు తుడుచుకోవడానికి లోపలికి వెళ్లింది.

నివేదిక కింద ఒక గడి మిగిలింది. మచ్చు తెర ఈరోజే వాపసు ఇవ్వాలని రాసి ఉంది. ట్రాలీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఉత్తదే పంపించాను.

తెర వాపసు: ఇవ్వలేదు.

కారణం: ఆట మిగిలి ఉంది.